నగర బడ్జెట్టులో స్టేడియం: రిబ్బను కత్తిరించిన మరునాటి లెక్క

(దృశ్యం: తెల్లవారుజాము. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం. నడుస్తున్న పెద్దలు, పరుగెత్తుతున్న యువత.)

నమస్కారం. తెల్లవారుజామున ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి వెళితే, మోకాళ్ల నొప్పులకు భయపడి నడక మొదలుపెట్టిన పెద్దవారూ, కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్న యువతీయువకులూ ఒకే చోట కనిపిస్తారు. పోలీసు నియామకాల్లో 1600 మీటర్ల పరుగును గడువులోపు పూర్తి చేయలేనివారు అక్కడితోనే ఆగిపోవాలి కనుక, ఆ పిల్లలకు మైదానం వినోదానికి సంబంధించిన విషయం కాదు, బతుకుతెరువుకు సంబంధించినది. దగ్గరలో మైదానం లేనివారు రోడ్డు అంచునే, లారీలు పోతుండగా, పరుగెత్తుతారు.

(దృశ్యం: వాన నీటిలో మునిగిన మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి.)

అదే నెల్లూరులో ఒక గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. ఆత్మకూరు బస్టాండు అండర్ బ్రిడ్జి దగ్గర ఆటోలు వెనక్కి తిరుగుతాయి. అందుచేత నగరానికి పెద్ద స్టేడియం కావాలన్న మాట ఎప్పుడు వచ్చినా, ముందు కాలువలు బాగుచేయండి అన్న జవాబు దాని వెనకే వస్తుంది. ఈ వీడియో ఏ ఒక్క ప్రతిపాదన గురించీ కాదు. ప్రజాధనంతో స్టేడియం కట్టాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడు ఏ లెక్కలు చూడాలో చెప్పడానికే దీన్ని తయారు చేశాము. ఈ చర్చ స్టేడియానికీ మురుగు కాలువకూ మధ్య పోటీగా సాగినంత కాలం అసలు ప్రశ్న దాగిపోతుందని మా అభిప్రాయం. కట్టిన తర్వాత ప్రతి ఏటా దాన్ని ఎవరు పోషిస్తారన్నది ఆ అసలు ప్రశ్న.

(తెర మీద: నగరపాలక సంస్థ ఆదాయం, వ్యయం.)

నెల్లూరు 1866లో మున్సిపాలిటీగా ఏర్పడింది, 2004లో నగరపాలక సంస్థ అయింది. ప్రతి ఆర్థిక సంవత్సరానికి ముందు కమిషనర్ అంచనాలు తయారు చేయిస్తారు, స్థాయీ సంఘం వాటిని పరిశీలిస్తుంది, చివరకు కౌన్సిల్ ఆమోదిస్తుంది. ఆదాయంలో ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, కుళాయి చార్జీలు, భవన నిర్మాణ అనుమతుల రుసుములు, వ్యాపార లైసెన్సులు, రిజిస్ట్రేషన్ల స్టాంపు సుంకం మీది సర్‌చార్జిలో వాటా, ప్రభుత్వాల గ్రాంట్లు ఉంటాయి. వ్యయం వైపు జీతాలు, పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, వీధి దీపాలకూ నీటి పంపులకూ అయ్యే కరెంటు బిల్లులు, తీసుకున్న అప్పుల వాయిదాలు ముందే కూర్చుని ఉంటాయి. ఇవన్నీ పోగా మిగిలిన దాని మీదనే కౌన్సిల్‌లో నిజమైన వాదన జరుగుతుంది, ఆ మిగిలేది బడ్జెట్ పుస్తకం మీద అచ్చయిన పెద్ద అంకెతో పోలిస్తే చాలా చిన్నది.

గ్రాంటు వస్తుంది కదా అనేవారు దాని షరతులు కూడా చదవాలి. 2021–26 కాలానికి, ప్రభుత్వాల మధ్య నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. నెల్లూరు, ఒంగోలు వంటి పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాల వాటాలో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టింది. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడవచ్చు గాని జీతాలకూ కార్యాలయ నిర్వహణకూ వాడకూడదని చెప్పింది. అంటే ఆ గ్రాంటులో నగరం స్వేచ్ఛగా ఖర్చుపెట్టగలిగింది ఆ 40 శాతమే, ప్రతి డివిజన్‌లోని సిమెంటు రోడ్డూ కల్వర్టూ దాని మీదనే ఆశ పెట్టుకుని ఉంటాయి. ఇక సొంత పన్నుల సంగతి చెప్పాలంటే, 2021 నుంచి ఆస్తి పన్నును అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు, ఏటా పెరుగుదల 15 శాతం దాటకుండా పరిమితి పెట్టారు. ఆ పెంపు నోటీసు అందుకున్న గృహస్థుకు స్టేడియం పేరుతో ఇంకో భారం చెప్పడం ఎంత కష్టమో ఏ కార్పొరేటరుకైనా తెలుసు.

(తెర మీద: రాజ్యాంగం 12వ షెడ్యూలు, 12వ అంశం.)

చట్టం ఏమంటుందో కూడా ఒకసారి చూద్దాం. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. నీటి సరఫరా 5వది, ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం 6వది, పార్కులు, తోటలు, ఆటస్థలాల వంటి సౌకర్యాలు 12వది. ఆటస్థలం అన్న మాట ఉంది గాని స్టేడియం అన్న మాట లేదు. క్రీడలు అన్న అంశం రాష్ట్ర జాబితాలో 33వ పద్దు కింద ఉంది. ఈ తేడా మాటల గారడీ కాదు: పిల్లలు ఆడుకునే చోటు నగరం బాధ్యత, వేలమంది కూర్చుని చూసే కట్టడం ప్రధానంగా రాష్ట్రం బాధ్యత అని దీన్నిబట్టి వాదించవచ్చు. మేము ఆ వాదన వైపే ఉన్నాము.

(తెర మీద: నల్లబల్ల, సుద్దముక్కతో లెక్క.)

ఇప్పుడు ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. స్టేడియం వ్యయం వంద కోట్లు అనుకుందాం. నగరపాలక సంస్థ రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో ఆ మొత్తాన్ని 20 ఏళ్ల గడువుకు, 9 శాతం వడ్డీకి అప్పు తెచ్చిందనుకుందాం. ఈ వడ్డీ రేటు గాలిలోంచి తీసింది కాదు, 2018లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ బాండ్లు జారీ చేసినప్పుడు 8.90 శాతానికి డబ్బు పుట్టింది. ఏటా సమాన వాయిదాల్లో తీర్చితే సంవత్సరానికి దాదాపు 10 కోట్ల 95 లక్షలు అవుతుంది. 20 ఏళ్లలో కట్టేది సుమారు 219 కోట్లు. పచ్చిక, ఫ్లడ్‌లైట్లు, మరుగుదొడ్లు, కాపలా, రంగులు, మరమ్మతులకు నిర్మాణ వ్యయంలో 3 శాతం, అంటే ఏటా 3 కోట్లు వేసుకుంటే, మొత్తం 14 కోట్లకు కాస్త తక్కువ. ఆట ఉన్నా లేకపోయినా రోజుకు 3 లక్షల 80 వేలు.

ఏటా 15 పెద్ద పోటీలు జరిగాయనుకోండి, అది కూడా ఉదారమైన అంచనాయే. ఒక్కో పోటీ మీద పడే భారం 93 లక్షలు. పదివేలమంది వంద రూపాయల టిక్కెట్టు కొని వచ్చినా చేతికి వచ్చేది 10 లక్షలు. ఆ పది లక్షలూ నగరానికే వస్తాయన్న భరోసా లేదు, ఎందుకంటే పోటీ నిర్వహించే సంఘం తన వాటా అడుగుతుంది. మిగిలిన 83 లక్షలు ఎక్కడి నుంచి వస్తాయి? కాలువల పూడిక తీసే పద్దులోంచి, వీధి దీపాల పద్దులోంచి, లేదా స్టేడియం నిర్వహణనే ఆపేయడంలోంచి వస్తాయి. మూడోదే ఎక్కువగా జరుగుతుంది. కుర్చీలు విరిగి, మెట్ల సందుల్లో తుమ్మ మొలిచి, గేటుకు తాళం పడిన స్టేడియాలు రాష్ట్రంలో చూడనివారు ఉండరు.

(దృశ్యం: ట్రంకురోడ్డు సాయంత్రం, హోటళ్లు, దుకాణాలు.)

స్టేడియం వస్తే వ్యాపారం పెరుగుతుందని, హోటళ్లు నిండుతాయని ఒక వాదన ఉంది. ప్రపంచంలో ఈ విషయం మీద ఎక్కువ పరిశోధన అమెరికాలో జరిగింది. అక్కడి ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది ప్రజాధనంతో కట్టిన స్టేడియాలు పెట్టిన ఖర్చుకు తగిన స్థానిక ఆదాయాన్ని తేవని తేల్చారు. కారణం మనకు సులభంగానే అర్థమవుతుంది. ఆదివారం సాయంత్రం ఒక కుటుంబం ఖర్చుపెట్టగల రెండు వేలు ఆట చూడటానికి పోతే, ట్రంకురోడ్డులో బట్టల దుకాణానికో, చేపల పులుసు వడ్డించే హోటలుకో పోవలసిన రెండు వేలు ఆగిపోతాయి. డబ్బు ఊరిలో చోటు మారుతుందే తప్ప కొత్తగా పుట్టదు. బయటి ఊళ్ల నుంచి జనం తరచుగా వచ్చి రాత్రి బస చేస్తేనే లెక్క మారుతుంది. చెన్నై మూడు నాలుగు గంటల దూరంలో ఉండగా అది ఎంత మేరకు జరుగుతుందో ఎవరికి వారు అంచనా వేసుకోవచ్చు.

కెనడాలోని మాంట్రియల్ 1976 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియం అప్పు 2006లో గాని తీరలేదు. ఆ ముప్పై ఏళ్లూ సిగరెట్లు కొన్నవారు కూడా ప్రత్యేక పన్ను రూపంలో ఆ అప్పును మోశారు. అమెరికాలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో, జట్టు వస్తుందన్న ఆశతో ముందే కట్టిన బేస్‌బాల్ స్టేడియం 1990లో తెరుచుకోగా, అక్కడ సొంత బేస్‌బాల్ జట్టు ఆట మొదలైంది 1998లో. 2024 ఏప్రిల్‌లో మిస్సోరీ రాష్ట్రంలోని జాక్సన్ కౌంటీలో స్టేడియాల కోసం అమ్మకపు పన్ను కొనసాగించాలా అని ఓటింగ్ పెడితే సుమారు 58 శాతం మంది వద్దన్నారు. అక్కడ ఆ ప్రశ్నను బ్యాలెట్ మీద పెట్టారన్న సంగతే మాకు ఫలితం కన్నా ముఖ్యంగా తోచింది.

(దృశ్యం: ఒంగోలు వేసవి నీటి చెరువు.)

మన ప్రాంతానికి ఇంకో లెక్క ఉంది, అది నీటి లెక్క. నెల్లూరుకు పెన్న, సోమశిల ఉన్నాయి. ఒంగోలు మాత్రం సాగర్ కాలువ నీటిని వేసవి నిల్వ చెరువుల్లో నింపుకుని గడుపుకునే నగరం, అక్కడ కుళాయి నీటికి రోజులు లెక్కపెట్టుకుంటారు. పచ్చిక మైదానానికి ఎండాకాలంలో ప్రతి రోజూ నీరు పెట్టాలి. 2016లో మహారాష్ట్ర కరవు సమయంలో మైదానాలకు నీటి వాడకంపై బొంబాయి హైకోర్టు అభ్యంతరం చెప్పి, ఏప్రిల్ 30 తర్వాతి ఐపీఎల్ పోటీలను ఆ రాష్ట్రం బయటికి మార్చమంది. ప్రకాశం జిల్లాలో పచ్చిక గురించి ఆలోచించేవారు శుద్ధి చేసిన మురుగునీటి గొట్టాన్ని కూడా అదే నక్షాలో గీయాలి.

అయితే స్టేడియమే వద్దనడం కూడా సోమరి జవాబే. వంద కోట్లను నెల్లూరులోని 54 డివిజన్లకు పంచితే ఒక్కోదానికి 1 కోటి 85 లక్షలు వస్తుంది, స్థలం ఉన్న చోట ప్రహరీ, దీపాలు, మరుగుదొడ్డితో మంచి ఆటస్థలం తయారవుతుంది. కాని 400 మీటర్ల సింథటిక్ ట్రాకును 54 ముక్కలుగా కోయలేము. ఆ పరుగు పిల్లలకు అది కావాలి, జిల్లాకు ఒకటైనా కావాలి. ప్రేక్షకుల గ్యాలరీలు లేకుండా ట్రాకునూ మైదానాన్నీ కట్టవచ్చు. గ్యాలరీ ఖర్చు రాష్ట్రం భరించవచ్చు, లేదా పోటీల ఆదాయం పొందే క్రీడా సంఘం భరించవచ్చు. అహ్మదాబాద్ మొతేరా స్టేడియాన్ని గుజరాత్ క్రికెట్ సంఘమే తిరిగి కట్టించుకుంది. కంపెనీల చట్టం 2013 ప్రకారం కంపెనీలు తమ సామాజిక బాధ్యత నిధులను గ్రామీణ, ఒలింపిక్ క్రీడల శిక్షణకు ఖర్చుపెట్టవచ్చు, కృష్ణపట్నం చుట్టూ పెద్ద పరిశ్రమలకు కొదవ లేదు.

(తెర మీద: బడ్జెట్ పుస్తకంలోని ఒక పేజీ.)

కనుక ఏ స్టేడియం ప్రతిపాదన వచ్చినా ముందు నిర్మాణ వ్యయం చూడకండి. రాబోయే పదేళ్ల నిర్వహణ ఖర్చు బడ్జెట్టులో ఏ పద్దు కింద, ఎంత, ఏ ఆదాయం నుంచి అని రాశారో వెతకండి. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ ప్రకారం బడ్జెట్ కేటాయింపులను ఎవరూ అడగకముందే సంస్థ వెల్లడించాలి. పాలకవర్గం ఉన్నప్పుడు మీ డివిజన్ కార్పొరేటరును, లేనప్పుడు ప్రత్యేకాధికారిని ఆ పంక్తి ఏ పేజీలో ఉందో అడగవచ్చు.