నాయన ల్యాప్‌టాప్‌కు హోమ్ చాలా, ప్రో కావాలా?

అందరికీ నమస్కారం. ఈ వీడియో అనంతపురం నుంచి. పొద్దున తమ్ముడు టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కట్టించుకొచ్చాడు. తిని, ఇప్పుడే వరండాలో నాయన ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాం. డల్లాస్‌లో బయలుదేరేటప్పుడే ఈసారి చేయాల్సిన పనుల్లో ఒకటి రాసుకున్నా: దీంట్లో ఉన్న విండోస్ 11 హోమ్ ఎడిషన్‌ను, ఇంకా ఎక్కువ సదుపాయాలున్న ప్రో ఎడిషన్‌కు మార్చాలని. అమెరికాలో ఆ మార్పుకు 99 డాలర్లు. ఖర్చు గురించి నేను ఆలోచించలేదు. కానీ నాలుగు రోజులు దగ్గర కూర్చుని చూశాక మార్చకూడదని తేల్చుకున్నా. అమ్మానాన్నలు ఊళ్లో, మనం అక్కడ. ఇట్లాంటి ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

నాయన లెక్కల మాస్టారుగా రిటైర్ అయ్యారు. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉండేది. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. ఆ మెషీన్ ఆరో తరానిది. పెన్షన్ డబ్బులు, నెట్ బ్యాంకింగ్ అన్నీ దాంట్లోనే చూసుకునే మనిషి, కొత్తది కొనక తప్పలేదు. తమ్ముడు వెళ్లి సుభాష్ రోడ్డులో తెచ్చాడు. సెటప్ చేసేటప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగితే, నేను ఫోన్‌లోనే నా అకౌంట్ ఇచ్చేశాను. ఆ తొందర తర్వాత మాకు ఎంత టెన్షన్ పెట్టిందో చూడండి.

ఒకరోజు డల్లాస్‌లో రాత్రి పది, ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నర. నాయన ఫోన్ చేశారు. "ఏమ్మా, పడుకున్యావా? స్క్రీనంతా నీలంగా అయిపోయింది. ఏదో కీ అడుగుతాంది." బయాస్, అంటే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్, అప్‌డేట్ అయ్యాక రికవరీ కీ అడిగింది. హోమ్‌లో ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లోని డేటాకు తాళం, ఉండదని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నా. ఆ తాళం వేసే బిట్‌లాకర్ సెట్టింగ్స్ పూర్తిగా మన చేతిలో ఉండేది ప్రోలోనే, నిజమే. కానీ హోమ్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వగానే అదే ఆన్ అయిపోతుంది. కీ ఆ అకౌంట్‌లో సేవ్ అవుతుంది. అంటే నాయన మెషీన్ తాళంచెవి డల్లాస్‌లో నా దగ్గర ఉందన్నమాట.

కీలో 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. నేను ఆరు అంకెలు చదవడం, నాయన కొట్టి, మళ్లీ నాకు చదివి వినిపించడం. వెనక అమ్మ ఒక మాట కూడా మాట్లాడకుండా నిలబడి ఉంది. ఎనిమిదో గుంపు అయ్యాక విండోస్ తెరుచుకుంది. "వచ్చిందిమ్మా" అన్నారు నాయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఫోన్ ఎత్తకపోయి ఉంటే?

అప్పుడే అనుకున్నా, ప్రో ఉంటే రిమోట్ డెస్క్‌టాప్‌తో డల్లాస్ నుంచే నేను లోపలికి వెళ్లి సరిచేసేదాన్ని కదా అని. అది తప్పు ఆలోచన. ఆ నీలం స్క్రీన్ వచ్చేసరికి విండోస్ ఇంకా మొదలే కాలేదు, ఏ ఎడిషన్ అయినా బయటినుంచి లోపలికి వెళ్లే దారి లేదు. మామూలు రోజుల్లో కూడా, ప్రో ఉన్న మెషీన్‌లోకి నేను రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్తే నాయన ముందున్న స్క్రీన్ లాక్ అయిపోతుంది. నేనేం చేస్తున్నానో ఆయనకు కనపడదు. పైగా వీపీఎన్ లాంటి రక్షణ ఉన్న దారి లేకుండా దాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం దొంగలకు తలుపు తీసినట్టే.

మాకు కావాల్సింది క్విక్ అసిస్ట్. అది హోమ్‌లోనూ ఉంది. నేను కోడ్ ఇస్తాను, నాయన అది కొట్టి అనుమతి ఇస్తారు, ఇద్దరం ఒకే స్క్రీన్ చూస్తాం. నిన్న రాత్రి మేడమీద నేను, కింద నాయన, ట్రై చేశాం. లెక్కల మాస్టారు కదా, నేను మౌస్ కదిపే ప్రతిసారీ "ఎందుకు?" అని అడిగారు. చెప్పాక తానే చేసి చూపించారు. నాకు అదే కావాలి. ఒక్క జాగ్రత్త: బ్యాంకు నుంచి అనో, కంపెనీ నుంచి అనో ఎవరైనా ఫోన్ చేసి కోడ్ కొట్టమంటే కొట్టకూడదు. నా గొంతు విన్నాకే, అది కూడా తానే నాకు తిరిగి ఫోన్ చేశాకే అని నాయనకు గట్టిగా చెప్పాను.

ఈ ల్యాప్‌టాప్‌లో ఉన్నది హోమ్‌లోనే 'సింగిల్ లాంగ్వేజ్' అనే రకం. మరి సింగిల్ లాంగ్వేజ్ అంటే తెలుగు రాదా అని అమ్మ అడిగింది. వస్తుంది. మెనూలు కనిపించే భాషకే ఆ పరిమితి. టైపింగ్‌కు ఎన్ని కీబోర్డులైనా పెట్టుకోవచ్చు. తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ పెట్టాను, 'amma' అని కొడితే అమ్మ అని పడుతుంది. మెనూలను వేరే భాషకు మార్చుకోవాలనుకునేవాళ్లు మాత్రం కొనకముందే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి ఏ ఎడిషనో చూసుకోండి.

ప్రో ఎవరికి అంటే, ఆఫీసు డొమైన్‌లో, అంటే ఆఫీసువాళ్లు నడిపే నెట్‌వర్క్‌లో చేరాల్సినవాళ్లకు, హైపర్-వీలో వర్చువల్ మెషీన్లు, అంటే ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపేవాళ్లకు, విండోస్ నియమాలు పెట్టే గ్రూప్ పాలసీ కావాల్సినవాళ్లకు. తమ్ముడు ఇంట్లోంచి ఆఫీసు పని చేస్తాడు, వాడికి ప్రోనే తీసుకోమన్నా. ఒక షాపులో కొన్ని వందలకే ప్రో లైసెన్స్ కీ ఇస్తామన్నారంట. వద్దన్నాను. అట్లాంటి కీలు ఎప్పుడైనా పనిచేయకుండా పోవచ్చు.

ఇప్పుడు నాయనకు సొంత అకౌంట్ చేశాం. పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు. రికవరీ కీ రెండు కాపీలు ప్రింట్ తీయించాం. ఒకటి బీరువాలో పొలం పాస్‌బుక్‌ల పక్కన పెట్టింది అమ్మ. రెండోదాన్ని నాయన తన చేత్తో, ఆరేసి అంకెలుగా విడగొట్టి, డైరీలో మళ్లీ రాసుకుంటున్నారు.