ఖాళీ చెట్టు కింద శభాష్ అనొద్దు

అందరికీ నమస్కారం.

నేను 14 ఏళ్లుగా తూర్పు టెన్నెసీలో, స్మోకీ కొండలకు గంట దూరంలో ఉంటున్నాను. పగలు ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం. వారానికి రెండు మూడు రాత్రులు మాత్రం తలకు లైటు కట్టుకుని, మోకాళ్ల దాకా బూట్లు తొడుక్కుని, కుక్కల వెనక అడవిలో నడుస్తాను. ఈ సంగతి విన్న మనవాళ్లు మొదట అడిగేది "భయం వెయ్యదా?" అని. ఆ తర్వాత "అసలెందుకు?" అని. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెబుదామనే వచ్చాను. ఒక కుక్కపిల్లను తెచ్చి, పెంచి, దాని మాట నమ్మి చీకట్లో మైలు దూరం నడిచివెళ్లగలిగే జాగిలంగా తయారు చెయ్యడం గురించి, దారిలో నేను చేసిన తప్పుల గురించి మాట్లాడతాను.

రకూన్ మీ అందరికీ తెలుసు. రాత్రిపూట మన చెత్త డబ్బాల మూతలు తీసేది అదే. కళ్లకు నల్ల గంతలు కట్టినట్టుండే ముఖం, తోకకు చారలు. వెనక పాదాలను వెనక్కి తిప్పుకోగలదు కాబట్టి చెట్టు మీంచి తలకిందులుగా దిగిరాగలదు. దాన్ని ఇక్కడి పల్లెల్లో కూన్ అంటారు. దాని జాడ పట్టే జాగిలం కూన్‌హౌండ్. మన భాషలో కూన అంటే పిల్ల కదా, మా ఇంట్లో ఉన్నదాన్ని చాలా రోజులు "కూన్‌హౌండ్ కూన" అని పిలుచుకున్నాం.

ఈ జాతులు ఎలా వచ్చాయో తెలిస్తే శిక్షణ సగం అర్థమవుతుంది. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు తమతో నక్కల వేటకు వాడే జాగిలాలను తెచ్చుకున్నారు. జార్జ్ వాషింగ్టన్‌కు కూడా అలాంటి మంద ఉండేది. 1785లో ఫ్రెంచ్ సేనాని లఫాయెత్ ఆయనకు ఫ్రాన్సు నుంచి జాగిలాలను పంపాడు. నక్క నేల మీద పరుగెత్తుతుంది. ఇక్కడి జంతువులు అలా కాదు, తరిమితే చెట్టెక్కేస్తాయి. నేల మీద వాసన ఆగిపోగానే చాలా కుక్కలు తికమకపడి వెనక్కి వచ్చేసేవి. ఏదో ఒక కుక్క మాత్రం ఆ చెట్టు మొదట్లోనే నిలబడి, తల పైకెత్తి, యజమాని వచ్చేదాకా మొరిగేది. రైతులు ఆ కుక్కనే దాచుకున్నారు, దాని పిల్లలనే పెంచుకున్నారు. అలా తరాల తరబడి ఏరుకుంటూ వచ్చాక తయారైనవి ఈ జాతులు: బ్లాక్ అండ్ టాన్, రెడ్‌బోన్, ఇంగ్లిష్, బ్లూటిక్, ట్రీయింగ్ వాకర్, ప్లాట్. ప్లాట్ కథ కాస్త వేరు. 1750 ప్రాంతంలో ఒక జర్మన్ కుటుంబం వెంట నార్త్ కరోలినాకు వచ్చిన జాగిలాల సంతానం అది, ఎలుగుబంట్లకు ఎదురు నిలిచిన జాతి. 1989లో నార్త్ కరోలినా దాన్ని రాష్ట్ర కుక్కగా ప్రకటించింది. మా టెన్నెసీ 2019లో బ్లూటిక్‌కు ఆ గౌరవం ఇచ్చింది. నాక్స్‌విల్‌లో ఫుట్‌బాల్ చూసినవాళ్లకు స్మోకీ తెలిసే ఉంటుంది. 1953 నుంచి అక్కడి యూనివర్సిటీ మస్కట్ బ్లూటిక్ హౌండే.

అంటే చెట్టు కింద నిలబడి మొరగడం మనం నేర్పేది కాదు. అది పుట్టుకతోనే వస్తుంది. మన ముధోల్ జాగిలం కంటితో చూసి తరుముతుంది, ఇవి ముక్కుతో వెతుకుతాయి. ఉన్న గుణాన్ని పాడుచెయ్యకుండా కాపాడటమే మన పని. ఈ మాట నాకు మా పక్క పొలం పెద్దాయన చెప్పాడు. ఆయనకు అప్పటికే డెబ్భై దాటాయి. 8 వారాల ట్రీయింగ్ వాకర్ ఆడపిల్లను నా చేతుల్లో పెట్టి, "బాబూ, ఆరు నెలల దాకా దీన్ని వేటకు తీసుకెళ్లకు, ముందు నీ మాట నమ్మడం నేర్పు" అన్నాడు. తెలుపు, నలుపు, గోధుమ రంగు మచ్చలు, ఒంటికి మించిన చెవులు. మేం దానికి చిట్టి అని పేరు పెట్టుకున్నాం.

ఆ ఆరు నెలలూ చేసినవి చిన్న చిన్న పనులే. పిలిస్తే రావడం అన్నిటికంటే ముఖ్యం. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక మంచి జరగాలి. ఒక ముక్క చికెనో, చెవుల వెనక నిమరడమో. తిట్టడానికి మాత్రం ఎప్పుడూ పిలవకూడదు. పెద్దాయన దీని విషయంలో ఎంత పట్టుదలగా ఉండేవాడంటే, ఒకసారి చిట్టి మా ఆవిడ చెప్పు కొరికేస్తే నేను కోపంగా దాన్ని పిలిచాను. ఆయన అక్కడే ఉన్నాడు. "కోపం ఉంటే నువ్వే దాని దగ్గరికి నడిచి వెళ్లు. పిలిచి కొడితే, రేపు అడవిలో పిలిచినప్పుడు అది ఎందుకొస్తుంది?" అన్నాడు.

ఎండాకాలంలో లోతులేని వాగులో నేను ముందు దిగి, దాన్ని రానిచ్చేవాణ్ణి. తిండి తినేటప్పుడు కాస్త దూరంలో పళ్లెం మోగించేవాణ్ణి, పెద్ద చప్పుళ్లకు బెదరకూడదని. ట్రక్కులో పెట్టి ఊరంతా తిప్పాను. నాలుగో నెల దాటాక రకూన్ చర్మం ముక్కను తాడుకు కట్టి గడ్డిలో ఈడ్చి, చివర ఒక చెట్టుకు అందనంత ఎత్తులో వేలాడదీశాం. ఇందులో ఒక కిటుకు ఉంది. తాడును చేత్తో ఈడిస్తే పిల్ల చర్మం వాసన కాకుండా పక్కనే ఉన్న మన బూట్ల వాసన పట్టుకుని వస్తుంది. మనం మురిసిపోతాం, అది నేర్చుకున్నది మాత్రం మన అడుగుల జాడ. అందుకే పొడవాటి కర్రకు కట్టి, మనిషి నడిచే చోటికి దూరంగా ఈడ్వాలి. అదీ నాలుగైదు సార్లకు మించి వద్దు. బోనులో రకూన్‌ను పెట్టి పిల్లలను రెచ్చగొట్టే పద్ధతి కొందరికి ఉంది. దాని మీద చట్టాలు రాష్ట్రానికో రకంగా ఉన్నాయి. చట్టం ఒప్పుకున్నా నేను చెయ్యను. ఆ రకూన్‌కు అది నరకం. పిల్లకు బోను తెలుస్తుంది, అడవి తెలియదు.

ఇప్పుడు అడవికి వెళ్దాం. చినుకు పడి ఆగి, గాలి లేకుండా, చల్లగా ఉన్న రాత్రి మంచిది. నేల తడిగా ఉంటే వాసన నిలుస్తుంది. కుక్కను వదిలాక మనకు ఏమీ కనిపించదు. ఇప్పుడు జీపీఎస్ పట్టీలున్నాయి, మెడకు కడితే కుక్క ఎక్కడుందో చేతిలో మ్యాపు మీద కనిపిస్తుంది. కానీ అది ఏం చేస్తోందో చెప్పేది గొంతే. జాడ తగిలినప్పుడు సాగదీసి ఊళలా అరుస్తుంది. జాడ పాతదైతే అరుపుకూ అరుపుకూ మధ్య ఎడం ఉంటుంది. తాజాదైతే అరుపులు దగ్గరవుతాయి. ఉన్నట్టుండి ఒక్క పెద్ద అరుపు, ఇక్కడే ఉంది అన్నట్టు. ఆ తర్వాత గొంతు మారిపోతుంది. గొడ్డలితో కట్టె నరికినట్టు పొట్టిగా, తెంపు లేకుండా అవే మొరుగులు. దాన్నే ట్రీ చేసింది అంటారు. కొండకు అవతల నుంచి ఆ గొంతు మారిన క్షణాన్ని విన్నవాళ్లు "ఎందుకు వెళ్తావ్?" అని నన్ను మళ్లీ అడగరు.

పోటీలు కూడా ఈ గొంతు మీదే నడుస్తాయి. యునైటెడ్ కెన్నెల్ క్లబ్ రాత్రి పోటీల్లో ఒక జట్టులో నాలుగు దాకా కుక్కలుంటాయి. తన కుక్క జాడ అందుకుందని ముందుగా చెప్పినవాడికి 100 పాయింట్లు, ట్రీ చేసిందని ముందు చెప్పినవాడికి 125. చెట్టు దగ్గరికి వెళ్లి లైటు వేస్తే రకూన్ కనబడాలి. చెట్టు ఖాళీ అని తేలితే అవే పాయింట్లు మైనస్‌లోకి పోతాయి. రకూన్‌ను చంపరు. చూసి, కుక్కలకు గొలుసు వేసి, వెళ్లిపోతారు.

ఖాళీ చెట్టు దగ్గరే నా కథ మొదలైంది.

రకూన్ తెలివైనది. ఒక చెట్టెక్కి, కొమ్మ మీంచి పక్క చెట్టుకు దాటుతుంది. లేదా కాస్త ఎక్కి, దిగి, వేరే దారి పడుతుంది. మొదలుకు మాత్రం వాసన అంటుకుని ఉంటుంది. పిల్ల కుక్క అక్కడే ఆగి మొరిగేస్తుంది. అనుభవమున్న కుక్క ముందు చెట్టు చుట్టూ తిరుగుతుంది. చిన్న చుట్టు, పెద్ద చుట్టు, ఇంకా పెద్ద చుట్టు. జాడ ఎటూ బయటికి పోలేదని తేల్చుకున్నాకే నోరు తెరుస్తుంది. పెద్దాయన ముసలి కుక్క అలా చుట్టు తిరగడం నేను లైటు ఆర్పి, ఆకుల చప్పుడును బట్టి విన్నాను. అంత పెద్దరికం కుక్కలో ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

చిట్టికి ఎనిమిదో నెల. అట్లాంటా నుంచి మా స్నేహితులు పిల్లలతో వచ్చారు. అందర్నీ అడవికి తీసుకెళ్లాను. గంట సేపు ఏమీ లేదు. పిల్లలకు నిద్ర ముంచుకొస్తోంది. నాకు లోపల టెన్షన్. అప్పుడు చిట్టి ఒక ఓక్ చెట్టు కింద నిలబడి మొరిగింది. అందరం పరుగెత్తాం. లైటు వేశాను. ఆకులు రాలిపోయిన చెట్టు, తొర్ర కూడా లేదు, పైదాకా శుభ్రంగా కనబడుతోంది. ఏమీ లేదు. ఫోన్లు వీడియో తీస్తున్నాయి. నేను చిట్టి పక్కన కూర్చుని "శభాష్ చిట్టీ, బంగారు తల్లీ" అని వీపు తట్టాను. రకూన్ తొర్రలో దూరిందని పిల్లలకు చెప్పాను.

మనుషులకు చెప్పిన అబద్ధం అక్కడితో పోయింది. కుక్కకు చెప్పింది పోలేదు. తర్వాతి రాత్రి అది మూడు ఖాళీ చెట్ల కింద మొరిగింది. ఆ పై వారం అయిదు. జాడ కాస్త కష్టమైతే చాలు, దగ్గర్లో ఉన్న చెట్టు చూసుకుని మొరిగి, తోక ఊపుతూ నా కోసం ఎదురుచూసేది. దాని లెక్కలో అది తప్పు చెయ్యట్లేదు. నాకు కావలసింది చెట్టు కింద మొరుగు అని నేనే చెప్పాను కదా.

పెద్దాయన దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఖాళీ చెట్టయితే ఏమీ అనకు. తిట్టకు, పొగడకు. గొలుసు వేసి నడువు. నిజమైన చెట్టయితే అక్కడే పావుగంట కూర్చో" అన్నాడు. అంతే చేశాను. డిసెంబరు నుంచి మార్చి దాకా పట్టింది. ఖాళీ చెట్టు నుంచి మౌనంగా తీసుకొస్తుంటే అది ప్రతిసారీ నా ముఖంలోకి చూసేది. ఆ చూపు ఇంకా నాకు గుర్తుంది.

బటన్ నొక్కితే కుక్క మెడకు షాకు ఇచ్చే కరెంటు పట్టీల గురించి కూడా ఒక మాట. జింక వెంట పడకుండా మాన్పించడానికి చాలామంది వాడతారు. నేనూ వాడాను, ఒకసారి తప్పుగా. పరుగు వేగం చూసి జింకే అనుకుని బటన్ నొక్కాను. తీరా వెళ్తే వాగు బురదలో చిన్నపిల్లల చేతుల్లాంటి అడుగులు. రకూన్. దాదాపు మూడు వారాలు చిట్టి నా కాళ్లు వదిలి పది అడుగులు ముందుకు పోలేదు. కుక్క దేని వెంట పోతోందో కళ్లారా చూడకపోతే బటన్ మీద వేలు పెట్టకండి.

ఆరోగ్యం గురించి క్లుప్తంగా. పార్వో, డిస్టెంపర్, రేబిస్, లెప్టో టీకాలన్నీ వేయించాలి. దోమలతో వచ్చే గుండె పురుగు హార్ట్‌వార్మ్‌కు ప్రతి నెలా మందు తప్పదు. కడుపు నిండా పెట్టి పరుగుకు వదలొద్దు. రకూన్ కరిచిన వారం, రెండు వారాలకు వెనక కాళ్లు బలహీనపడితే కూన్‌హౌండ్ పక్షవాతం కావచ్చు. కంగారు పడకుండా వెంటనే డాక్టరుకు చూపించండి, చాలా కుక్కలు కొన్ని వారాల్లో, నెలల్లో కోలుకుంటాయి.

ఒక విన్నపం. చెవులు ముద్దుగా ఉన్నాయని ఈ పిల్లలను సబ్‌డివిజన్ ఇంటికి తెచ్చుకోవద్దు. గొంతు అర మైలు వినపడుతుంది, పరుగు లేకపోతే పిచ్చెక్కుతుంది. చివరికి షెల్టర్లో తేలే జాగిలాలు ఎన్నో. నిజంగా ఇష్టం ఉంటే ముందు అక్కడికి వెళ్లి చూడండి. అలాగే, ఇది చూసి ఊళ్లో అన్నదమ్ములకు ఐడియాలు ఇవ్వొద్దు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం. ఇక్కడ కూడా లైసెన్సు, సీజను, భూమి యజమాని అనుమతి మూడూ ఉండాల్సిందే.

పోయిన ఏడాది పెద్దాయనా నేనూ అలబామాలో టస్కంబియా దగ్గరి కూన్‌హౌండ్ల శ్మశానం చూసి వచ్చాం. 1937 సెప్టెంబరు 4న కీ అండర్‌వుడ్ అనే ఆయన 15 ఏళ్లకు పైగా తనతో వేటాడిన ట్రూప్ అనే కుక్కను అక్కడ పూడ్చి, పాత పొగగొట్టం రాయి ఒకటి తెచ్చి, సుత్తితో, స్క్రూడ్రైవర్‌తో దాని మీద పేరు చెక్కాడు. ఇప్పుడు అక్కడ 300కు పైగా సమాధులున్నాయి. కూన్‌హౌండ్లకు తప్ప వేరే కుక్కకు చోటు లేదు. యజమాని చెబితే చాలదు, అది నిజమైన కూన్ డాగ్ అని ఇంకో సాక్షి కూడా చెప్పాలి. పెద్దాయన ట్రూప్ రాయి దగ్గర టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు. నేను ఆయన్ని కదిలించలేదు.

ఇక చిట్టి. ఏప్రిల్ మొదటి వారం, దానికి ఏడాది నిండుతోంది. ఇద్దరమే వెళ్లాం, తోడు కుక్క లేదు. వాగు దాటి జాడ అందుకుంది. కొండ పక్కగా అరుపు దూరమైంది, తర్వాత ఆగిపోయింది. మనసులో అనుకున్నాను, మళ్లీ ఏదో చెట్టు చూసుకుంటుందని. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మెల్లగా నడిచి దగ్గరికి వెళ్లేసరికి ఆకుల చప్పుడు వినిపించింది. చిన్న చుట్టు. పెద్ద చుట్టు. నేను లైటు ఆర్పి అక్కడే నిలబడిపోయాను. ఇంకో చుట్టు తిరిగాక పెద్ద అరుపు అరిచింది, వెంటనే గొంతు మారింది.

లైటు వేస్తే పైన, పాప్లర్ చెట్టు రెండు కొమ్మలు చీలే చోట, రెండు కళ్లు మెరిశాయి. చిట్టి ముందు కాళ్లు మొదలు మీద పెట్టి ఒకసారి వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. నేను దాని పక్కన తడి నేల మీద కూర్చున్నాను. పావుగంట కాదు, ముప్పావుగంట కూర్చున్నాను.