కొరియా వెళ్తున్నా మేడమ్, ఈ క్రీముల లిస్టు ఏం చేయమంటారు?

యాంకర్: నమస్కారమండి. ఇంట్లో ఒకరు కొరియా వెళ్తున్నారని తెలిస్తే చాలు, టికెట్ చేతికి రాకముందే చుట్టాల నుంచి క్రీముల లిస్టులు వచ్చి పడుతున్న రోజులివి. సియోల్‌లో ఆరేళ్లు ఉండి, కొనాల్సినవీ కొనకూడనివీ అన్నీ కొని చూసిన మేడమ్ ఇవాళ మనతో ఉన్నారు. నేరుగా కాల్స్‌లోకి వెళ్దాం. హలో, ఎక్కడి నుంచండి?

కాలర్ (హిందూపురం): నమస్తే మేడమ్. మాది హిందూపురం. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది కదా, దానికి పార్టులు చేసే కంపెనీలో పని చేస్తా. సెప్టెంబర్ మొదట్లో మూడు వారాల ట్రైనింగ్‌కి కొరియా పంపిస్తున్నారు. మా ఆవిడ 23 ఐటమ్స్ రాసిచ్చింది. మా వదిన ఇంకో ఏడు కలిపింది. నాకు మొహానికి సబ్బు తప్ప ఇంకోటి తెలీదు మేడమ్.

అతిథి: (నవ్వుతూ) ముప్పయ్యా! సరే, కంగారు పడకండి. ఇవాళ రాత్రి మీ ఆవిడతో కూర్చుని ఒక పని చేయండి. ఆ లిస్టులో ఒక్కో పేరు మన దగ్గర ఆన్‌లైన్‌లో కొట్టి చూడండి. కోస్‌ఆర్ఎక్స్, లనీజ్, ఇనిస్‌ఫ్రీ, బ్యూటీ ఆఫ్ జోసన్ లాంటి కొరియన్ బ్రాండ్లన్నీ ఇప్పుడు ఇండియాలోనే దొరుకుతున్నాయి, డిస్కౌంట్ సేల్ రోజుల్లో అయితే అక్కడి ధరకీ ఇక్కడి ధరకీ ఉన్న తేడా బాగా తగ్గిపోతుంది, వంద రూపాయల కోసం అరకిలో బరువు అంత దూరం మోసుకొచ్చేవాళ్లని నేను చాలామందిని చూశాను. ధర పోల్చేటప్పుడు సీసా ధర చూడొద్దు, ఎన్ని ఎంఎల్ ఉందో చూసి ఎంఎల్‌కి ఎంత పడిందో లెక్కేయండి. వెయ్యి వాన్ అంటే అటూ ఇటూగా 60 రూపాయలు అనుకోండి, బుర్రలో లెక్కకి అది చాలు. ఇక్కడ దొరికేవి కొట్టేస్తే లిస్టు సగానికి వచ్చేస్తుంది.

కాలర్: సగం కొట్టేస్తే ఇంట్లో సగం గొడవ అవుతుంది మేడమ్.

అతిథి: అది మీరు మీరు చూసుకోవాలి. మిగిలినవాటికి ఆలివ్ యంగ్ అని ఒక షాపు ఉంటుంది, ఆకుపచ్చ బోర్డు, పెద్ద ఊళ్లలో సందు సందుకీ కనిపిస్తుంది. సియోల్‌లో అందరూ షాపింగ్‌కి వెళ్లే మ్యోంగ్‌డాంగ్‌కే వెళ్లాలని ఏమీ లేదు, అక్కడ టూరిస్టుల రద్దీ, మీ హోటల్ పక్కన ఉన్న బ్రాంచిలో ప్రశాంతంగా కొనుక్కోవచ్చు. మీ అదృష్టం ఏంటంటే మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలల్లో వాళ్లకి పెద్ద సేల్ ఉంటుంది, మామూలుగా నెల మొదట్లోనే. కాబట్టి చివరి రోజు ఎయిర్‌పోర్టుకి వెళ్తూ వెళ్తూ కొందాం అనుకోకుండా వెళ్లిన వారంలోనే ఒకసారి తొంగి చూడండి. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని ఉంటాయి, లేదంటే ‘గిహ్వెక్’ అని రాసిన డబ్బాలు ఉంటాయి, పెద్ద సీసాతో పాటు చిన్న సీసా కలిపి పెట్టిన సెట్టు అన్నమాట. ఇద్దరు ఆడవాళ్ల లిస్టు కదా, పెద్దది ఒకరికి, చిన్నది ఒకరికి.

యాంకర్: ఏది ఎవరికో మాత్రం ఆయన తేల్చకూడదు.

అతిథి: అస్సలు తేల్చకూడదు! ఇంకోటి, పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి, హోటల్ గదిలో కాదు. అక్కడ ధరలో 10 శాతం వ్యాట్ కలిసే ఉంటుంది, మనలాంటి టూరిస్టులకి ఒక బిల్లు 15,000 వాన్ దాటితే అందులో కొంత వెనక్కి ఇస్తారు. 2024కి ముందు 30,000 దాటితేనే ఇచ్చేవాళ్లు. చాలా షాపుల్లో కౌంటర్ దగ్గరే తగ్గించేస్తారు. మధ్యలో ఫీజు పోతుంది కాబట్టి 10 శాతం మొత్తం చేతికి వస్తుందని మాత్రం అనుకోవద్దు. రోజూ రెండు మూడు ఐటమ్స్ విడివిడిగా కొంటే ఒక్కో బిల్లూ 15,000 దాటక ఏమీ రాదు, అందుకని కలిపి కొనండి. షాపులో తగ్గించకపోతే స్లిప్ ఇస్తారు, ఎయిర్‌పోర్టులో పెద్ద బ్యాగ్ అప్పగించక ముందే ట్యాక్స్ వెనక్కి ఇచ్చే కియోస్క్ మెషీన్ దగ్గర ఆ పని చూసుకోవాలి, వస్తువులు చూపించమంటే చూపించాలి కదా.

యాంకర్: థాంక్యూ అండి, క్షేమంగా వెళ్లి రండి. తరవాతి కాల్... విజయవాడ నుంచి. చెప్పమ్మా.

కాలర్ (విజయవాడ): హాయ్ అక్కా! డిగ్రీ అయిపోయింది, ఫ్రెండ్స్‌మి నలుగురం సియోల్, బూసాన్ వెళ్తున్నాం. నాకు సన్‌స్క్రీన్, కుషన్ ఫౌండేషన్ కావాలి, అదే స్పాంజి డబ్బాలో వచ్చే మేకప్ క్రీము. నేను చామనఛాయ. రీల్స్‌లో అందరూ 21 నంబర్ షేడ్ తీసుకోమంటున్నారు.

అతిథి: అందరూ అంటే ఎవరు తల్లీ, 21 అనేది అక్కడి తెల్లని అమ్మాయిల నంబర్! 23 కూడా మన చామనఛాయ మీద బూడిద పూసినట్టే ఉంటుంది. చాలా కొరియన్ బ్రాండ్లు రెండు మూడు షేడ్లతో సరిపెట్టేవి, ఇప్పటికీ కొన్ని అంతే. టిర్‌టిర్ వాళ్ల ఎర్ర డబ్బా కుషన్ కూడా మొదట్లో మూడు షేడ్లతోనే వచ్చింది, తమ రంగుకి సరిపోవట్లేదని నల్లని చర్మం ఉన్నవాళ్లు వీడియోల్లో చూపించాక 2024లో 30 షేడ్ల దాకా తీసుకొచ్చారు. అలాంటిదైతే చూడు. షాపులో టెస్టర్ చేతి మీద కాదు, దవడ మీద రాసుకో, రాసుకుని బయటికి వెళ్లి పగటి వెలుతురులో ఫోన్ కెమెరాలో చూసుకో. లోపల ఆ తెల్ల లైట్ల కింద అందరూ హీరోయిన్లే. బయట పది నిమిషాలు తిరిగొచ్చి అప్పుడు కొను, ఎవరూ ఏమీ అనుకోరు.

కాలర్: మరి సన్‌స్క్రీన్ అక్కా?

అతిథి: డబ్బా మీద ‘టోన్ అప్’ అని ఉంటే పక్కన పెట్టేయ్. కొరియన్‌లోనూ అదే మాట, ‘తోన్ అప్’ అని రాస్తారు. అది మొహాన్ని తెల్లగా చూపించడానికి చేసింది, మనకి సున్నం కొట్టినట్టు కనిపిస్తుంది. ఎస్‌పీఎఫ్ 50 ప్లస్, పీఏ పక్కన నాలుగు ప్లస్‌లు ఉంటే చాలు. అక్కడ ఎస్‌పీఎఫ్ 50 దాటితే ఎంత ఉన్నా 50 ప్లస్ అనే రాయాలి, కాబట్టి ఇంకా పెద్ద నంబర్ కోసం వెతకొద్దు. అసలు చూడాల్సింది అది నీ మొహం మీద ఎలా నిలుస్తుందని. చలికాలం సియోల్‌లో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే పెదాలు పగిలి రక్తం వస్తుంది, అక్కడ హాయిగా అనిపించిన జిడ్డు క్రీము ఏప్రిల్‌లో బందరు రోడ్డు మీద స్కూటీ నడిపే మొహానికి పెడితే చెమటతో కలిసి కళ్లలోకి దిగుతుంది. జెల్‌లా, నీళ్లలా ఉండేవి చూసుకో. ముందు ఒకటే కొని ఆ ట్రిప్‌లోనే నాలుగు రోజులు వాడు, పడితే వచ్చే ముందు రెండోది కొను.

కాలర్: మొహానికి అతికించుకునే షీట్ మాస్కులు ఎన్ని తెచ్చుకోవచ్చు?

అతిథి: నన్ను అడక్కు! మొదటిసారి వచ్చినప్పుడు చౌక అని 40 తెచ్చాను. ఒక్కోదానిలో 20, 25 ఎంఎల్ నీళ్లే కదా, అంటే లీటరు నీళ్లు విమానంలో మోసుకొచ్చానన్నమాట. పది వాడాను, మిగతావి బీరువాలో ఎండిపోయి కాగితాలయ్యాయి. విటమిన్ సి సీరమ్ అయితే ఇంకా ఘోరం, హైదరాబాద్ మే నెల ఎండకి టీ డికాషన్ రంగులోకి మారిపోయింది. నువ్వు ఒక పది తెచ్చుకో, చాలు.

యాంకర్: హన్మకొండ నుంచి ఒక అమ్మ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్ (హన్మకొండ): నమస్తే బిడ్డా. మా చిన్నోడు కొరియాల సువాన్ అనే ఊర్ల ఉద్యోగం చేస్తడు. పోయిన సంక్రాంతికి ఏవో క్రీములు తెచ్చిండు. ఒకదాని మీద చూస్తే తారీఖు అయిపోయినట్టే ఉంది. పారేద్దామంటే పైసలు పోసి తెచ్చిండాయె. ఇంకోటి, దాంట్లో నత్తల బంక ఉందని మా కోడలు అంటది, నిజమేనా? మేం మాంసం ముట్టం.

అతిథి: అమ్మా, ముందు తారీఖు. అక్కడ సంవత్సరం ముందు, తరవాత నెల, చివర రోజు రాస్తారు. ఆ అంకెల పక్కన రెండక్షరాల చిన్న మాట ఉంటుంది. ‘జేజో’ అంటే తయారుచేసిన రోజు, ‘క్కాజి’ అంటే ఆ రోజు వరకు అని. రెండూ రెండక్షరాలే కాబట్టి మనకి తేడా తెలియదు, తయారైన తారీఖు చూసి ఎక్స్‌పైరీ అనుకుని మంచి క్రీము పారేసినవాళ్లు ఉన్నారు. ఫోన్‌లో పాపగో అని ఒక యాప్ ఉంటుంది, కెమెరా పెడితే కొరియన్‌ని ఇంగ్లిష్‌లో చూపిస్తుంది, మీ కోడలితో ఒకసారి పెట్టించండి. డబ్బా వెనక మూత తెరిచిన డబ్బీ బొమ్మ, లోపల 12ఎం అని ఉంటే మూత తీసిన దగ్గర్నుంచి 12 నెలలు అని.

కాలర్: మరి నత్త?

అతిథి: ‘స్నెయిల్’ అని ఎక్కడ కనిపించినా అది నత్త నుంచి తీసిందేనమ్మా. కోస్‌ఆర్ఎక్స్ సీసా మీద 96 అని వేసేది కూడా అందులో నత్త ద్రవం 96 శాతం అని. నత్తని చంపి తీస్తారని కాదు గానీ, మీకు పట్టింపు ఉంటే వద్దు. ‘సికా’ అనో ‘సెంటెల్లా’ అనో రాసినవి తెమ్మనండి, అది మన సరస్వతి ఆకే, పిల్లలకి మాటలు రావాలని పెట్టేది.

కాలర్: అయ్యో, మా పెరట్ల కుండీల ఉండె! ఆడికి పోయి అది కొనుక్కొచ్చుడా? సరే బిడ్డా, నా బుగ్గల మీద మంగు ఉంది, దానికేమన్నా ఉంటదా?

అతిథి: డబ్బా మీద ‘మిబేక్’ అని ఉన్నవి రంగు తేల్చడానికే అమ్ముతారు గానీ, మంగుకి మాత్రం ఒకసారి చర్మం డాక్టర్‌కి చూపించుకోండమ్మా. అబ్బాయిని మంచి సన్‌స్క్రీన్ ఒకటి తెమ్మనండి, ఎండ తగులుతుంటే ఏ క్రీము రాసినా మంగు తగ్గదు.

యాంకర్: హైదరాబాద్, కొండాపూర్ నుంచి... చెప్పండి సార్.

కాలర్ (కొండాపూర్): మేడమ్, పోయినసారి సియోల్ డ్యూటీ ఫ్రీలో రెండు పెద్ద టోనర్లు కొన్నాం, మధ్యలో ఒక ఎయిర్‌పోర్టులో విమానం మారాలి, అక్కడ సెక్యూరిటీలో తీసి పడేశారు. ఐదు వేలు పోయాయి. ఈసారి బ్యాంకాక్ మీదుగా వస్తున్నాం.

అతిథి: సీలు చేసిన కవరు మధ్యలో విప్పారా?

కాలర్: మా పాప విప్పింది... బొమ్మ ఉందేమో అని.

అతిథి: అక్కడే పోయింది. డ్యూటీ ఫ్రీ వాళ్లు సీలు చేసిచ్చిన కవరు ఇల్లు చేరేదాకా విప్పకూడదు, లోపల బిల్లు కనిపించాలి. విప్పితే మామూలు రూలే, 100 ఎంఎల్ దాటిన సీసా చేతి బ్యాగ్‌లో పోనివ్వరు. సుల్వాసు, హూ లాంటి ఖరీదైనవైతే డ్యూటీ ఫ్రీలో చూడండి గానీ, మామూలు టోనర్లు ఊళ్లో కొని పెద్ద బ్యాగ్‌లో పడేయడమే మేలు. మూత కింద చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి బిగించి, టేపు వేసి, జిప్ కవర్లో పెట్టి, బట్టల మధ్యలో దూర్చండి. ఒకే క్రీము ఇరవై డబ్బాలు మాత్రం తేవద్దు, కస్టమ్స్ వాళ్లకి వ్యాపారంలా కనిపిస్తుంది. ఆ... కార్డు గీకేటప్పుడు మెషీన్ రూపాయల్లోనా వాన్‌లోనా అని అడిగితే వాన్ అనే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లకి నచ్చిన రేటు వేస్తారు.

యాంకర్: చివరి కాల్. హలో?

కాలర్ (హిందూపురం): మేడమ్, ఇందాక మాట్లాడింది మా ఆయనే. సగం కొట్టేయమన్నారంట!

అతిథి: (నవ్వుతూ) అమ్మా, సగం ఇక్కడే కొనుక్కోమన్నాను అంతే. ఇంతకీ లిస్టులో ఏమున్నాయి?

కాలర్: ముఖ్యంగా రీడల్ షాట్ 700 అనే సీరమ్ మేడమ్. మా ఫ్రెండ్ మొహం మెరిసిపోతోంది.

అతిథి: ఇంతకు ముందు ఎప్పుడైనా వాడారా? లేదా? అయితే 700 వద్దు. అందులో కంటికి కనిపించని సన్నని ముళ్లలాంటివి ఉంటాయి, రాస్తుంటే దురదగుండాకు తగిలినట్టు చురచురమంటుంది, నంబర్ పెరిగే కొద్దీ మంట కూడా పెరుగుతుంది. దైసో అని అన్నీ 5,000 వాన్ లోపే ఉండే షాపు ఉంటుంది, అక్కడ 100 నంబర్ చిన్న ప్యాకెట్లు 3,000 వాన్‌కి అమ్ముతారు. ముందు అది తెప్పించుకుని చెవి వెనక రాసి రెండు రోజులు చూడండి. మొటిమలు పచ్చిగా ఉంటే అసలు ముట్టుకోవద్దు.

కాలర్: సరే, 700 కొట్టేసి 100 రాస్తాను. ఇంకా నావి ఓ పది తీసేస్తాను మేడమ్. కానీ వదిన రాసిన ఏడూ అలాగే ఉంటాయి, అవి నేను కొట్టేస్తే...

యాంకర్: అర్థమైందండి, అవి ముట్టుకోకండి!