కర్నూలు రేడియో ఫోన్-ఇన్: మొలలు, మలబద్ధకం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈరోజు మొలల గురించి మాట్లాడుకుంటున్నాం. కర్నూలు నుంచి జనరల్ సర్జన్ గారు మన స్టూడియోలో ఉన్నారు. డాక్టర్ గారూ, లైన్లు అప్పుడే నిండిపోయాయి. అసలు మొలలంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పండి.

డాక్టర్: నమస్కారం అమ్మా. మొలలు ఎక్కడినుంచో వచ్చిపడే రోగం కాదు. మలద్వారం లోపల అందరికీ మెత్తని దిండ్లలాంటివి ఉంటాయి, నిండా రక్తనాళాలే. గాలి, నీరు కారిపోకుండా దారిని మూసి ఉంచడానికి అవి సాయపడతాయి. రోజూ ముక్కీ ముక్కీ వాటిని ఉబ్బించి కిందికి జార్చుకుంటే, అవే మొలలు. లోపలి మొలలకు మామూలుగా నొప్పి ఉండదు, రక్తం పడుతుంది. బయట ఉన్నదాంట్లో రక్తం గడ్డకట్టిందంటే మాత్రం కూర్చోలేరు. ఒక మాట ముందే చెబుతా, ఈరోజు ఇంకో పదిసార్లు కూడా చెబుతా. రక్తం కనపడగానే ‘నాకు మొలలే’ అని ఎవరికి వారు తీర్పు చెప్పుకోవద్దు.

వ్యాఖ్యాత: మొదటి కాల్ నంద్యాల నుంచి. చెప్పండమ్మా.

నంద్యాల శ్రోత: నమస్తే సార్. మా చెల్లెలికి ఎనిమిదో నెల. నాలుగు రోజులుగా దొడ్డికి పోతే ఏదో కండలా బయటికి వస్తోందంట, ఏడుస్తోంది. కాన్పుకు ఏమైనా ఇబ్బందా సార్?

డాక్టర్: కాన్పుకు ఏమీ కాదు. కడుపులో బిడ్డ బరువు కింది రక్తనాళాల మీద పడుతుంది. పైగా ఐరన్ మాత్రలు మలం గట్టిపడేలా చేస్తాయి. అట్లాగని ఐరన్ మానేయకూడదు, అది మాత్రం గుర్తు పెట్టుకోండి. నీళ్లు బాగా తాగించండి, ఆకుకూర, పండు పెట్టండి. ఇసబ్గోల్ పొట్టు ఆమెను చూసే డాక్టరమ్మను అడిగి వాడొచ్చు. రోజుకు రెండు మూడు సార్లు గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది, పదిహేను నిమిషాలు కూర్చోమనండి. నీళ్లలో ఏమీ కలపొద్దు, డెట్టాల్ అసలు వద్దు. చాలామందికి కాన్పయ్యాక వాటంతట అవే తగ్గుతాయి. రక్తం పడుతోందా?

నంద్యాల శ్రోత: లేదు సార్.

డాక్టర్: పడితే మాత్రం ఆమె డాక్టరుకు చెప్పండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తర్వాతి కాల్ కర్నూలు నుంచే.

కర్నూలు శ్రోత: సార్, నా వయసు ఇరవై ఆరు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ పని చేస్తాను. మోషన్ వెళ్లేటప్పుడు బ్లేడుతో కోసినట్టు ఉంటుంది. తర్వాత గంటసేపు మంట. పైల్స్‌కేనని ఒక ట్యూబు రాస్తున్నాను, తగ్గట్లేదు.

డాక్టర్: అది మొలల నొప్పిలా లేదు నాయనా. కోసినట్టు నొప్పి, ఆ తర్వాత గంటసేపు మంట అంటే ఫిషర్ అయ్యుండొచ్చు, అంటే అంచున చీలిక. ఎక్కువభాగం ఆపరేషన్ లేకుండానే మానుతుంది, కానీ మందు వేరు. నువ్వు రాసేదాంట్లో స్టెరాయిడ్ ఉంటే వారం దాటి రాయొద్దు, చర్మం పలచబడుతుంది. బాత్రూంలో ఎంతసేపు కూర్చుంటావు?

కర్నూలు శ్రోత: అర్ధగంట... అట్లా సార్.

డాక్టర్: ఫోనుతోనేనా?

కర్నూలు శ్రోత: (నవ్వు) అవును సార్.

డాక్టర్: ఫోను బయట పెట్టి పో. లోపల ఐదు నిమిషాలు చాలు. రాకపోతే లేచి వచ్చెయ్, మళ్లీ వచ్చినప్పుడు పోవచ్చు. ఒకసారి సర్జన్‌కు చూపించు.

వ్యాఖ్యాత: ఆదోని నుంచి శ్రోత ఉన్నారు. హలో?

ఆదోని శ్రోత: హలో... హలో, వినపడుతోందా మేడం?

వ్యాఖ్యాత: వినపడుతోంది. మీ రేడియో సౌండ్ తగ్గించండి.

ఆదోని శ్రోత: తగ్గించినా మేడం. సార్, నమస్తే సార్. నేను పత్తి మార్కెట్లో హమాలీ పని చేస్తా. యాభైమూడేళ్లు. మా పనిలో వేడి ఎక్కువ కదా సార్. ఎండలో బస్తాలు మోస్తాం. నీళ్లు ఎక్కువ తాగితే మాటిమాటికీ పోవాలని తాగం. పోయిన ఉగాదికి మా అల్లుడు వచ్చినాడు. పండగ మర్నాడు చికెన్ తెచ్చినాం, మా పాప కారం కొంచెం ఎక్కువే వేసింది. దాని మర్నాడు పొద్దున చూస్తే రక్తం! అప్పుడు మా పక్కింటాయన ముల్లంగి రసం తాగమన్నాడు, తాగినా. తగ్గినట్టే తగ్గింది సార్. మళ్లీ వినాయక చవితి అప్పుడు...

డాక్టర్: అన్నా, అన్నా, ఒక్క నిమిషం. ప్రశ్న ఏమిటో చెప్పు.

ఆదోని శ్రోత: అదే సార్. మంచి ట్యూబు ఏదైనా ఉంటే పేరు చెప్పండి. రాసుకుంటా, పెన్ను పట్టుకొని కూర్చున్నా.

డాక్టర్: ట్యూబు సంగతి తర్వాత. ముందు నేనడిగినదానికి చెప్పు. రక్తం మలం అయ్యాక చుక్కలు చుక్కలుగా పడుతుందా, మలంలో కలిసి వస్తుందా?

ఆదోని శ్రోత: మొదట్లో చుక్కలే సార్. ఇప్పుడు కలిసే వస్తుంది. జిగటగా కూడా ఉంటుంది. అది వేడికే కదా సార్? మజ్జిగ తాగుతూనే ఉన్నా.

డాక్టర్: వేడి పక్కన పెట్టు. ఇంతకుముందు రోజుకు ఎన్నిసార్లు పోయేవాడివి, ఇప్పుడెన్నిసార్లు?

ఆదోని శ్రోత: ముందు పొద్దున్నే ఒకసారి, గడియారం పెట్టినట్టు. ఇప్పుడు మూడు, నాలుగుసార్లు పోవాలనిపిస్తుంది. పోతే ఏమీ రాదు, ఇంకా లోపల ఏదో ఉన్నట్టే ఉంటుంది. బస్తాలు మోసేటప్పుడు మధ్యలో దించి పోతుంటే మేస్త్రీ కసురుకుంటాడు సార్. ఇంకో మేస్త్రీ అయితే మంచోడు...

డాక్టర్: బరువు తగ్గినావా?

ఆదోని శ్రోత: తూకం వేయించలేదు సార్. చొక్కా వదులైంది. మా ఇంట్లో ఆమె కూడా అంటుంది, ముఖం పీక్కుపోయిందని. మెట్లెక్కితే ఆయాసం. మందుల షాపు అబ్బాయి రక్తం తక్కువుందని టానిక్ ఇచ్చినాడు. సార్, ఆ ట్యూబు పేరు...

డాక్టర్: ట్యూబు లేదన్నా! నేను చెప్పను. నీకు ట్యూబు రాస్తే నేను తప్పు చేసినట్టు. ఎన్ని నెలలైంది, ఎనిమిదా? ఈ ఎనిమిది నెలల్లో డాక్టరెవరైనా వేలు పెట్టి పరీక్ష చేశారా?

ఆదోని శ్రోత: అయ్యో, ఆడ ఎట్లా చూపించేది సార్. సిగ్గు కదా.

డాక్టర్: ఎనిమిది నెలలు ఊరంతా చెప్పిన మందు తాగడానికి సిగ్గు లేదు, చూపించడానికి సిగ్గా? (నిశ్శబ్దం) కోపంతో అనలేదన్నా. ఓపీలో రోజూ ఎంతోమందిని చూస్తాం, మాకు చెయ్యి, కాలు ఎంతో అదీ అంతే. విను. రక్తం మలంలో కలవడం, జిగట, అలవాటు మారడం, బరువు తగ్గడం, రక్తహీనత. ఇవి ఒక్క మొలల లెక్క కాదు. పెద్దపేగు లోపల చూడాలి. కొలనోస్కోపీ అంటారు, చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో చూస్తారు.

ఆదోని శ్రోత: క్యాన్సరా సార్?

డాక్టర్: ఫోనులో అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. మొలలే కావచ్చు, పేగు పూత కావచ్చు, గడ్డ కావచ్చు. గడ్డయినా తొందరగా పట్టుకుంటే నయం చేసుకునే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యమే చెడ్డది. కర్నూలు పెద్దాసుపత్రి సర్జరీ ఓపీకి పో. రేపే.

ఆదోని శ్రోత: రేపు మంగళవారం సార్. ఇంట్లో ఒప్పుకోరు.

డాక్టర్: అయితే బుధవారం. గురువారం మాత్రం కాదు.

వ్యాఖ్యాత: సరేనండి, డాక్టర్ గారు చెప్పినట్టు తప్పకుండా వెళ్లండి. డోన్ నుంచి కాల్.

డోన్ శ్రోత: సార్, మా ఆయన లారీ డ్రైవరు. మొలలు బయటికి వస్తే వేలితో లోపలికి నెట్టుకుంటున్నాడు. ఊర్లోకి ఒకాయన వస్తాడు, ఒక్క సూదితో రాలగొడతానంటాడు. వేయించుకోవచ్చా?

డాక్టర్: వద్దు తల్లీ. మొలలకు ఇంజక్షన్ వైద్యం ఉంది, కాదనను. కానీ అది ఏ మందు, ఎంత, ఎక్కడ వేయాలో తెలిసినవాళ్లు చేసేది. వచ్చేపోయేవాళ్లు ఏమి ఎక్కిస్తారో ఎవరికి తెలుసు? చీము పట్టి, దారి కుంచించుకుపోయి, పెన్సిల్ కూడా దూరని స్థితిలో వచ్చినవాళ్లను నేను చూశాను. ఆ సూది మాత్రం వేయించుకోవద్దు.

డోన్ శ్రోత: మరి కోసేస్తారా సార్?

డాక్టర్: అందరికీ కోత అక్కర్లేదు. మొలలకు నాలుగు దశలు. రక్తం మాత్రమే పడితే ఒకటి, బయటికొచ్చి అదే లోపలికి పోతే రెండు, వేలితో నెడితే పోయేది మూడు, నెట్టినా పోనిది నాలుగు. మీ ఆయనది మూడో దశలా ఉంది. కొన్నింటికి రబ్బరు బ్యాండు వేస్తారు. రక్తం అందక ఆ మొల ఎండి వారం, పది రోజుల్లో రాలిపోతుంది, మత్తు కూడా అక్కర్లేదు. కుదరకపోతే ఆపరేషన్. రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పమనండి.

వ్యాఖ్యాత: ఎమ్మిగనూరు శ్రోత, క్లుప్తంగా.

ఎమ్మిగనూరు శ్రోత: సార్, నాకు మోకాళ్ల నొప్పులు...

వ్యాఖ్యాత: ఈరోజు అంశం మొలలండి, క్షమించండి. పత్తికొండ నుంచి ఇంకొకరు.

పత్తికొండ శ్రోత: కంద తింటే మొలలు కరుగుతాయంటారు, నిజమేనా సార్? కారం మానాలా? మాకు ఊరిబిండి లేకుండా ముద్ద దిగదు.

డాక్టర్: (నవ్వు) కంద మంచి కూర, పీచు ఉంటుంది, తినండి. వచ్చిన మొల మాత్రం దాంతో కరగదు. కారం వల్ల మొలలు పుట్టవు, ఉన్నవాళ్లకు మంట పెంచుతుంది. కాబట్టి ఊరిబిండి పూర్తిగా మానక్కర్లేదు, కొన్నాళ్లు తగ్గించండి. మన జొన్నరొట్టె, రాగి సంగటి, అలసందలు, గోంగూర ఉండగా పీచు కోసం డబ్బాలు కొనడమెందుకు? రోజుకు పాతిక, ముప్పై గ్రాముల పీచు కావాలి. రెండుపూటలా తెల్లన్నం తింటూ అది రమ్మంటే ఎట్లా వస్తుంది? పీచు పెంచితే నీళ్లు కూడా పెంచాలి, లేకపోతే ఇంకా బిగుసుకుంటుంది.

వ్యాఖ్యాత: సమయం అయిపోవచ్చింది. ఆఖరి కాల్... ఆదోని నుంచి. హలో?

ఆదోని శ్రోత: మేడం, నేనే. ఇందాక మాట్లాడినా.

డాక్టర్: ట్యూబు పేరా అన్నా?

ఆదోని శ్రోత: కాదు సార్. మా ఆమె మాట్లాడుతుందంట. ఇదో...

శ్రోత భార్య: నమస్తే సార్. రేడియోలో విన్నా. మంగళవారం లేదు, ఏమీ లేదు సార్, రేపే తీసుకొస్తా. ఏమి తెచ్చుకోవాల?

డాక్టర్: ఆధార్ కార్డు, ఇంతకుముందు రక్తపరీక్ష ఏదైనా చేయించుంటే ఆ కాగితం, వాడిన మందులు, ఆ టానిక్ సీసాతో సహా. పొద్దున్నే రండి, ఓపీ చీటీ దగ్గర లైను ఉంటుంది. మెట్లెక్కించకు తల్లీ, లిఫ్టులో పొండి.

శ్రోత భార్య: సరే సార్. మొదటి బస్సుకే వస్తాం.

వ్యాఖ్యాత: డాక్టర్ గారికి, కాల్ చేసిన శ్రోతలకు ధన్యవాదాలు. ఇప్పుడు వార్తలు.