కార్డిఫ్ నుంచి కాసాబ్లాంకా దాకా

శ్రోతలకు నమస్కారం.

2001 జనవరి నాటి సంగతి. స్పెయిన్ ఉత్తర తీరంలో సాన్ సెబాస్టియన్ అనే నగరం ఉంది. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్ పేరు రియల్ సోసియెదాద్. ఆ ఏడాది ఆ జట్టు లీగ్ పట్టికలో అడుగున పడి కొట్టుకుంటోంది. కింది డివిజన్‌కు జారిపోతామేమోనని ఊరంతా టెన్షన్. అప్పుడు ఒక కోచ్ వచ్చారు. ఆ క్లబ్‌లో అంతకు ముందు రెండు విడతలు పనిచేసి వెళ్లినాయనే. ఐబార్ అనే చిన్న క్లబ్‌లో ఆడిరమ్మని పంపిన 19 ఏళ్ల కుర్రాడిని వెనక్కి పిలిపించి, ఏకంగా కెప్టెన్‌ను చేశారు. కెప్టెన్ పదవి అనుభవం ఉన్న పెద్దవాళ్లకు దక్కేది. గండంలో ఉన్న జట్టును మీసాలు కూడా సరిగా రాని పిల్లవాడి చేతిలో పెట్టాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! జట్టు గట్టెక్కింది. ఆ కుర్రాడు షాబి అలోన్సో. 2010లో ప్రపంచ కప్ గెలిచిన స్పెయిన్ జట్టులో ఉన్నాడు. లివర్‌పూల్ తరఫున ఒకసారి, రియల్ మాడ్రిడ్ తరఫున ఒకసారి యూరప్ చాంపియన్ అయ్యాడు.

ఆ కోచ్ పేరు జాన్ టోషాక్. వేల్స్ దేశస్థుడు. ఈ రోజు ఆయన గురించే మాట్లాడుకుందాం.

వేల్స్ చిన్న దేశం, జనాభా సుమారు ముప్పై లక్షలు. రగ్బీ అంటే ప్రాణం పెట్టే నేల అది. అక్కడి నుంచి విదేశాలకు వెళ్లి పేరు తెచ్చుకున్న ఫుట్‌బాలర్లు టోషాక్‌కు ముందూ ఉన్నారు. 1957లో జాన్ చార్లెస్ ఇటలీలోని యువెంటస్‌కు వెళ్లి మూడు లీగ్ టైటిళ్లు గెలిపించాడు, అక్కడి జనం ఇప్పటికీ ఆయన్ని ప్రేమగా తలుచుకుంటారు. కానీ ఆటగాడిగా వెళ్లడం వేరు. కోచ్‌గా వెళ్లి, పరాయి భాషలో పరాయి ఊరి పిల్లలకు ఆట నేర్పి, అక్కడి పత్రికలకూ అభిమానులకూ జవాబు చెప్పుకుంటూ నెగ్గుకురావడం వేరు. టోషాక్ ఆ పనిని ముప్పై ఏళ్లకు పైగా చేశారు.

1949 మార్చి 22న వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో పుట్టారు. 16 ఏళ్లకే కార్డిఫ్ సిటీ మొదటి జట్టులో ఆడి, తొలి ఆటలోనే గోల్ కొట్టారు. 1970లో లివర్‌పూల్ ఆయన్ని లక్షా పదివేల పౌండ్లకు తీసుకుంది. ఆరడుగులు దాటిన మనిషి, గాలిలోకి లేచాడంటే బంతి ఆయనదే. పక్కన పొట్టిగా, చురుగ్గా కెవిన్ కీగన్. టోషాక్ తలతో బంతి దించడం, కీగన్ దాన్ని గోల్‌లోకి కొట్టడం, ఈ జోడీ ఇంగ్లండ్ అంతటా ప్రసిద్ధి.

యూరప్ క్లబ్బులు ఆడే యుఎఫా కప్ 1973 ఫైనల్లో ఈ జోడీ బలం ఏమిటో బాగా కనబడింది. అప్పట్లో ఆ ఫైనల్ రెండు ఆటలుగా జరిగేది. జర్మనీ జట్టు బొరుస్సియా మోన్‌షెన్‌గ్లాడ్‌బాక్‌తో మొదటి ఆట. కుండపోత వానకు 27 నిమిషాలకే ఆపేశారు. టోషాక్ ఆ రోజు జట్టులో లేరు. అయితే ఆ కాసేపట్లోనే లివర్‌పూల్ మేనేజర్ బిల్ షాంక్లీ ఒకటి గమనించారు, ఎత్తుగా వచ్చే బంతుల దగ్గర జర్మన్ డిఫెన్స్ తడబడుతోందని. మర్నాడు ఆట మళ్లీ మొదలుపెట్టినప్పుడు టోషాక్‌ను దించారు. లివర్‌పూల్ 3-0తో గెలిచింది, అందులో కీగన్‌వి రెండు గోల్స్. జర్మనీలో జరిగిన రెండో ఆటలో 2-0తో ఓడినా, మొత్తం మీద కప్పు లివర్‌పూల్‌దే. ఎదుటివాడిని కళ్లతో చదవడం, రాత్రికి రాత్రి జట్టును మార్చడం, ఇవన్నీ టోషాక్ షాంక్లీ దగ్గర చూసి నేర్చుకున్నవే అని నా నమ్మకం.

గాయాలు వేధించడంతో 1978 మార్చిలో స్వాన్సీ సిటీకి ఆటగాడూ మేనేజరూ తానే అయ్యి వెళ్లారు. అప్పటికి ఆయనకు ఇంకా 29 నిండలేదు. స్వాన్సీ ఇంగ్లండ్ లీగ్ నాలుగో డివిజన్‌లో, అంటే అట్టడుగు మెట్టు మీద ఉన్న జట్టు. 1978లో ఒక మెట్టు ఎక్కారు. 1979లో మరొకటి. 1981లో మొదటి డివిజన్ చేరారు. అక్కడి తొలి ఆటలోనే లీడ్స్ యునైటెడ్‌ను 5-1తో ఓడించి, ఆ సీజన్‌ను ఆరో స్థానంలో ముగించారు. అలన్ కర్టిస్, రాబీ జేమ్స్, జెరెమీ చార్లెస్ లాంటి వేల్స్ కుర్రాళ్లే ఆ జట్టుకు వెన్నెముక.

ఆ సీజన్లోనే 1981 సెప్టెంబర్ 29న షాంక్లీ చనిపోయారు. నాలుగు రోజులకు స్వాన్సీ ఆడాల్సింది లివర్‌పూల్ మీదే, అదీ వాళ్ల మైదానం ఆన్‌ఫీల్డ్‌లో. గురువుగారికి నివాళిగా అందరూ మౌనంగా నిలబడ్డారు. టోషాక్ పైన వేసుకున్న ట్రాక్‌సూట్ విప్పారు. లోపల లివర్‌పూల్ ఎర్ర చొక్కా ఉంది. ప్రత్యర్థి జట్టు మేనేజర్ ఆయన, అయినా ఆ నిమిషం పాటు షాంక్లీ శిష్యుడిగానే నిలబడ్డారు. నాకు ఆయన జీవితంలో అన్నింటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

స్వాన్సీ ఎంత వేగంగా ఎక్కిందో అంతే వేగంగా దిగింది. 1984లో టోషాక్ దేశం దాటారు. ముందు పోర్చుగల్‌లో స్పోర్టింగ్ లిస్బన్, మరుసటి ఏడాది రియల్ సోసియెదాద్.

ఆ క్లబ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ రోజుల్లో అందులో సాన్ సెబాస్టియన్ ఉన్న బాస్క్ ప్రాంతం వాళ్లే ఆడేవారు. డబ్బు పెట్టి బయటి నుంచి కొనుక్కోవడం లేదు. చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి పెరిగిన పిల్లల్నే ఏరుకోవాలి, తీర్చిదిద్దుకోవాలి. చాలామంది విదేశీ కోచ్‌లకు ఇది చేతులు కట్టేసినట్టు ఉండేది. టోషాక్ మాత్రం అక్కడ నీళ్లలో చేపలా ఇమిడిపోయారు. స్పానిష్ నేర్చుకుని ఆ భాషలోనే విలేకరులతో మాట్లాడేవారు. 1987లో స్పెయిన్ కింగ్స్ కప్ ఫైనల్ జరాగోజాలో జరిగింది. అత్లెటికో మాడ్రిడ్‌తో 2-2తో సమం అయ్యాక పెనాల్టీల్లో గోల్‌కీపర్ అర్కొనాడా అడ్డుకోవడంతో కప్పు సాన్ సెబాస్టియన్‌కు వచ్చింది. మరుసటి ఏడాది లీగ్‌లోనూ కప్‌లోనూ రెండో స్థానం.

అంత బాగా ఆడితే పెద్ద క్లబ్బుల కన్ను పడకుండా ఉంటుందా? 1988లో బార్సిలోనా వచ్చి బకేరో, బెగిరిస్తైన్, లోపెజ్ రెకార్తె ముగ్గుర్నీ ఒకేసారి తీసుకుపోయింది. కోచ్ యోహాన్ క్రైఫ్ నాయకత్వంలో బార్సిలోనా కట్టిన గొప్ప జట్టులో వీళ్లు కీలకమయ్యారు. విత్తనం ఒకరు వేస్తే పంట మరొకరు కోసుకున్నారు. టోషాక్ విషయంలో ఇలా పదేపదే జరిగింది.

1989లో రియల్ మాడ్రిడ్ పిలిచింది. ఆ సీజన్లో లీగ్ గెలిచారు, 38 ఆటల్లో 107 గోల్స్‌తో. ఆ రికార్డు 2012 దాకా చెక్కుచెదరలేదు. మెక్సికో ఆటగాడు హ్యూగో సాంచెజ్ ఒక్కడే 38 కొట్టాడు, అదీ ప్రతి గోల్ ఒకే స్పర్శతో. అయినా యూరప్ క్లబ్బుల చాంపియన్ పోటీలో ఇటలీ జట్టు మిలాన్ చేతిలో ఓడారు. మరుసటి నవంబర్ కల్లా టోషాక్‌ను పంపించేశారు. పెద్ద క్లబ్‌లో లీగ్ గెలుపు కూడా ఏడాది గడవడానికి చాలదు. ఓడిన జట్టు గురించి ఆయన అన్నట్టుగా ఒక మాట స్పెయిన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. సోమవారం పదిమందిని మార్చేయాలనిపిస్తుందట, మంగళవారానికి ఏడెనిమిది మంది, గురువారానికి నలుగురు, శుక్రవారానికి ఇద్దరు. శనివారం వచ్చేసరికి మళ్లీ ఆ పదకొండుమందే ఆడాలనిపిస్తుందట. ఈ ఉద్యోగంలోని బాధంతా ఈ నాలుగు ముక్కల్లో ఉంది.

1994లో సొంత దేశం పిలిచింది. సోసియెదాద్ పని వదలకుండానే వేల్స్ బాధ్యత కూడా తీసుకున్నారు. పాత మేనేజర్ టెర్రీ యోరత్‌ను తప్పించినందుకు జనం అప్పటికే కోపంగా ఉన్నారు. కార్డిఫ్‌లో నార్వే చేతిలో 3-1తో ఓటమి. ఆ ఒక్క ఆటతోనే టోషాక్ రాజీనామా చేశారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం సరైన పని కాదని నా అభిప్రాయం. వేల్స్‌కు అప్పుడు పూర్తికాలం మనిషి కావాలి.

తర్వాత డిపోర్టివో లా కొరూన్యా, టర్కీలో బెషిక్తాష్. అక్కడ 1998లో టర్కీ కప్ గెలిచారు. 1999లో రియల్ మాడ్రిడ్ రెండోసారి పిలిచి, నవంబర్‌లో మళ్లీ పంపేసింది. ఆ స్థానంలో వచ్చిన విసెంటె డెల్ బోస్కె 2000 మే నెలలో చాంపియన్స్ లీగ్ గెలిచారు. అటు తర్వాత మొదట చెప్పిన అలోన్సో కథ. 2002 మార్చిలో సోసియెదాద్ కూడా టోషాక్‌ను తప్పించింది. మరుసటి సీజన్లో అదే అలోన్సో, బెషిక్తాష్‌లో టోషాక్ చేతి కింద ఎదిగిన నిహత్ కహ్‌వెజీ కలిసి ఆ జట్టును టైటిల్‌కు రెండు పాయింట్ల దూరం దాకా తీసుకెళ్లారు.

2004లో వేల్స్ మళ్లీ పిలిచినప్పుడు మాత్రం ఆరేళ్లు ఉన్నారు. పాతవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు, కొందరితో ఆయనకు పడలేదు కూడా. ఇక మిగిలింది పిల్లలే. అండర్-21 జట్టును చూసుకునే బ్రయాన్ ఫ్లిన్ కుర్రాళ్లను ఏరి తెచ్చేవారు. టోషాక్ వాళ్లను జాతీయ జట్టులో దించేవారు. 2006 మేలో ట్రినిడాడ్ మీద గారెత్ బేల్‌కు 16 ఏళ్లకే అవకాశం ఇచ్చారు. 2008 నవంబర్‌లో డెన్మార్క్ మీద 17 ఏళ్ల ఆరన్ రామ్సీ వచ్చాడు. వేన్ హెన్నెసీ, క్రిస్ గుంటర్, జో లెడ్లీ, ఆష్లీ విలియమ్స్, జో అలెన్ అందరూ ఆయన హయాంలోనే మొదటిసారి వేల్స్ చొక్కా వేసుకున్నారు. ఓటములు చాలానే వచ్చాయి. స్లొవేకియా కార్డిఫ్ వచ్చి 5-1తో కొట్టిపోయింది. ఆ రోజు వేల్స్‌కు వచ్చిన ఒక్క గోల్ బేల్ కొట్టిన ఫ్రీకిక్. జాతీయ జట్టుకు అతని తొలి గోల్ అదే. విమర్శలు పెరిగాయి, 2010లో టోషాక్ తప్పుకున్నారు.

2016లో వేల్స్ 58 ఏళ్ల తర్వాత ఒక పెద్ద టోర్నీ ఆడింది. యూరో కప్‌లో బెల్జియంను 3-1తో ఓడించి సెమీఫైనల్ చేరింది. మేనేజర్ క్రిస్ కోల్‌మన్. ఆయనకూ, మధ్యలో జట్టును నిలబెట్టిన గ్యారీ స్పీడ్‌కూ దక్కాల్సిన గౌరవం దక్కాల్సిందే. కానీ మైదానంలో దిగిన ఆ ముఖాలను చూడండి. వాళ్లలో చాలామందికి తొలి అవకాశం ఇచ్చింది టోషాక్. ఆ వేసవిలో ఆయన పేరు ఇంకా గట్టిగా వినబడాల్సింది.

ఆ వేసవిలో ఆయన మొరాకోలో పనిచేస్తున్నారు. కాసాబ్లాంకాలోని విదాద్ క్లబ్‌ను 2015లో 66 ఏళ్ల వయసులో దేశ చాంపియన్‌ను చేశారు. 2016లో ఆఫ్రికా చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా తెచ్చారు. మొదటి ఆటలో ఈజిప్టు జట్టు జమాలెక్ 4-0తో గెలిచింది, వెంటనే ఉద్యోగం పోయింది. మరుసటి ఏడాది విదాద్ ఆ కప్పు గెలిచింది, వేరే కోచ్‌తో. 2018లో టోషాక్ ఇరాన్‌లోని తబ్రీజ్‌కు వెళ్లి మరో జట్టు పగ్గాలు పట్టారు. అప్పటికి ఆయన వయసు 69.