దొమ్మరోగం, బీటీ పత్తి, నిన్నటి అన్నం

అందరికీ నమస్కారం.

కిందటి వారం ఒక పత్తి చేలోంచి గుప్పెడు మట్టి తెచ్చుకున్నాను. అందులో చిటికెడు నీళ్లలో కలిపి, 80 డిగ్రీల వేడిలో పది నిమిషాలు ఉంచాను. ఆ వేడికి చాలా బ్యాక్టీరియా చచ్చిపోతుంది. స్పోర్లుగా మారి గట్టి పెంకులో నిద్రపోతున్నవి మాత్రం తట్టుకుంటాయి. ఆ నీటిచుక్కను అగర్ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ ఉన్న పళ్లెం) మీద పూసి వదిలేస్తే, తెల్లారేసరికి కొవ్వొత్తి కారినట్టు మసక తెలుపు మచ్చలు. బాసిల్లస్ సీరియస్. సీరియస్ అంటే లాటిన్‌లో మైనంలాంటిదని. మన సీరియస్ కాదు.

రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నదాకా బయటే ఉంచి, వేడిచేసుకు తిని, రెండు మూడు గంటల్లో వాంతులతో కూలబడ్డవాళ్లు మీలోనూ ఉండే ఉంటారు. చాలాసార్లు దాని వెనక ఇదే ఉంటుంది. వేడికి బ్యాక్టీరియా పోయినా, అప్పటికే అన్నంలో వదిలిన విషం పోదు.

ఇంకో మచ్చను మైక్రోస్కోప్ కింద పెడితే, స్పోరు పక్కనే వజ్రం ఆకారంలో ఒక పలుకు కనిపించింది. అది బాసిల్లస్ తురింజియెన్సిస్. నోరు తిరగదు గానీ మీకు తెలిసిందే, బీటీ. పురుగు పొట్టను పాడుచేసే అలాంటి పలుకు ప్రొటీన్ జన్యువున్న పత్తికే 2002లో మన దేశంలో అనుమతిచ్చారు.

మూడోది నా ప్లేటులో లేదు, బతికిపోయాను. గొర్రెలకు దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, తెచ్చే బాసిల్లస్ ఆంత్రాసిస్.

2003లో నేచర్ పత్రిక ఒకే సంచికలో ఆంత్రాసిస్, సీరియస్ జన్యుక్రమాలు రెండూ వచ్చాయి. ఒక్కోదాని క్రోమోజోమ్‌లో 50 లక్షలకు పైగా డీఎన్ఏ అక్షరాలు. పక్కపక్కన పెట్టి చూస్తే జన్యువులు చాలావరకు అవే, వరస కూడా దాదాపు అదే. బీటీదీ అదే కథ. మరి తేడా ఎక్కడ? ఎక్కువగా ప్లాస్మిడ్లలో. అంటే క్రోమోజోమ్‌కి విడిగా తిరిగే చిన్న డీఎన్ఏ చుట్టలు. దొమ్మరోగం విషం జన్యువులు ఒక ప్లాస్మిడ్ మీద, శరీర రక్షణ కణాల నుంచి తప్పించుకునే పైతొడుగు జన్యువులు ఇంకోదాని మీద. బీటీ పలుకు జన్యువులూ, వాంతుల విషం జన్యువులూ ఎక్కువగా ప్లాస్మిడ్ల మీదే.

క్రోమోజోమ్‌లో నాకు బాగా నచ్చిన తేడా ఒకటుంది. సీరియస్ రక్తం కలిపిన ప్లేటు మీద పెరిగితే చుట్టూ ఎర్రకణాలను పగలగొడుతుంది. ఆంత్రాసిస్ ఆ పని చేయదు. పగలగొట్టే జన్యువులు దానికీ ఉన్నాయి! కాకపోతే వాటికి స్విచ్ లాంటి పీఎల్‌సీఆర్ జన్యువులో ఒక్క అక్షరం మారి, ప్రొటీన్ మధ్యలోనే తెగిపోయింది. సామానంతా ఇంట్లోనే ఉంది, కరెంటే లేదు.

ఈ మూడూ ఒకటే జాతి అని 2000లోనే కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. అక్షరాల లెక్కన వాళ్లది రైటే. కానీ మందలో గొర్రె పడిపోతే, పశువుల డాక్టరుకు మూడు పేర్లూ కావాలి. నేను డాక్టరు పక్షమే.

అయితే పేరు నమ్ముకున్నా చిక్కే. 1994లో అమెరికాలోని లూసియానాలో ఒకరికి ఆంత్రాక్స్ లాంటి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. పరీక్షల్లో తేలింది సీరియస్. తర్వాత జన్యుక్రమం చదివితే, అందులో దొమ్మరోగం విషపు ప్లాస్మిడ్ లాంటిదే దొరికింది.

దీనికి రెండో వైపు చూడండి. దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ అనే పశువైద్యుడు 1930ల్లో పైతొడుగు లేని ఆంత్రాసిస్‌ను వేరుచేసి టీకా చేశాడు. ప్లాస్మిడ్ అన్న మాటే అప్పటికి పుట్టలేదు. ఆ తొడుగు ప్లాస్మిడ్ జారిపోయిన బ్యాక్టీరియా అదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మన ఊళ్లలో గొర్రెలకు వేసే దొమ్మ టీకా దాని సంతతే. సీసాలో ఉన్నవి బతికున్న స్పోర్లే, విషపు ప్లాస్మిడ్‌తో సహా.