టైమౌట్ పెంచితే టెస్టు నెమ్మదించదు

[తెర మీద: ఇన్సర్ట్ → స్లీప్ 20 → సెలెక్ట్]

డేటాబేస్ రెప్లికేషన్ (ఒక సర్వర్ డేటాను మరో సర్వర్‌కు కాపీ చేయడం) టెస్టుల్లో మధ్యలో ఆ స్లీప్ లైను ఎక్కడ కనబడినా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం. స్లీప్ అంటే మెతుకు ముట్టకుండా గడియారం చూసి గిన్నె దించేయడం. గ్యాస్ మీద సరిపోయిన టైము కట్టెల పొయ్యి మీద సరిపోదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు పెర్ల్‌లో రాసే ట్యాప్ టెస్టులు మెతుకే పడతాయి. వాటిలోని వెయిట్_ఫర్_క్యాచప్ ఫంక్షన్ ముందు ప్రైమరీలో (అసలు సర్వర్‌లో) వాల్, అంటే మార్పుల లాగ్, ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకుంటుంది. స్టాండ్‌బై (కాపీ సర్వర్) అక్కడికి చేరిందా అని పీజీ_స్టాట్_రెప్లికేషన్ అనే వ్యూని సెకనుకు సుమారు 10 సార్లు అడుగుతుంది. చేరగానే ముందుకెళ్తుంది.

మరి డిఫాల్ట్‌గా ఉండే 180 సెకన్ల టైమౌట్ దేనికి? గ్యాస్ అయిపోయిందని ఎప్పుడు తేల్చుకోవాలో చెప్పడానికి. అన్నం 2 సెకన్లలో ఉడికితే టెస్టుకు పట్టేది 2 సెకన్లే. "పెంచితే సీఐ (టెస్టులను తనంతట నడిపే వ్యవస్థ) నెమ్మదిస్తుంది" అనే మాట ఇక్కడ తప్పు. ఆ ఖర్చు ఫెయిలైనప్పుడే.

వాల్‌గ్రైండ్ (మెమరీ తప్పులు పట్టే, బాగా నెమ్మదైన టూల్) కింద నడిపే మెషీన్ కట్టెల పొయ్యి లాంటిది. దానికోసం 2022లో పీజీ_టెస్ట్_టైమౌట్_డిఫాల్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ వచ్చింది. ఆ మెషీన్లో 600 పెట్టండి, టెస్టు కోడ్ ముట్టుకోవద్దు. మీరు రాసే టెస్టులోనూ 300 అని నేరుగా రాయకండి. ఎక్కువ కావాలంటే ఆ విలువను పట్టుకునే టైమౌట్_డిఫాల్ట్‌ని 2తో గుణించండి. లేకపోతే పొయ్యి మారినప్పుడల్లా వంట పుస్తకం దిద్దాల్సిందే.

ఇంకో తప్పు వెయిట్_ఫర్_క్యాచప్‌కు ఇచ్చే మోడ్‌లో జరుగుతుంది. 'ఫ్లష్' దాకా ఆగి సెలెక్ట్ చేస్తే రో కనబడకపోవచ్చు. ఎందుకంటే వాల్ స్టాండ్‌బై డిస్క్ మీదకు చేరింది, ఇంకా అప్లై కాలేదు. బియ్యం ఎసట్లో పడ్డాయి, అంతే. సెలెక్ట్ చేయాలంటే 'రీప్లే' కావాలి, డిఫాల్ట్ కూడా అదే.

[తెర మీద: 40 సెకన్లే మిగిలాయి]

మిగతావి గబగబా. వాల్_సెండర్_టైమౌట్ డిఫాల్ట్ 60 సెకన్లు. స్టాండ్‌బై అంతసేపు పలక్కపోతే ప్రైమరీయే కనెక్షన్ తెంపేస్తుంది, మీ 600 దాన్ని ఆపదు. సర్వర్‌ను ఆన్, ఆఫ్ చేసే పీజీ_సీటీఎల్‌కు పీజీసీటీఎల్‌టైమౌట్ వేరే ఉంది, అదీ 60. మీసన్ అనే బిల్డ్ టూల్‌తో నడిపితే టైమౌట్-మల్టిప్లయర్ కూడా పెంచండి, లేదంటే బయటి పరిమితి ముందే టెస్టును చంపేసి లోపలి ఎర్రర్ మెసేజ్ మీ దాకా రానివ్వదు. "ఈ రో రాకూడదు" అని చూసే టెస్టును మాత్రం టైమౌట్ మీద ఆధారపడనివ్వొద్దు, అది ప్రతిసారీ మొత్తం కాలం తినేస్తుంది. దాని వెనకే మరో రో పంపి, అది చేరాక చూడండి.

టైమౌటైతే సర్వర్ల లాగ్ ఫైళ్లలో ముందు స్టాండ్‌బైది తెరవండి.